ఆరు కిలోల బిడ్డ

"మళ్ళీ తప్పే!" నర్సమ్మ ఇస్త్రీపెట్టెను ఠక్కున నిలబెట్టింది. "మధ్యలో పాయింటు ఎక్కణ్ణించి వచ్చిందే? అక్కడ మూడు రావాలి. వట్టి మూడు!"

నేల మీద కూర్చున్న ఆరో క్లాసు కూతురు, 'సున్నా పాయింటు మూడు' అని రాసిన నోటుబుక్కును చేత్తో కప్పేసుకుంది. కప్పినంత మాత్రాన తప్పు ఒప్పయిపోతుందా! సోమవారం పరీక్ష. సైన్సులోనూ లెక్కల్లోనూ ఈసారి కూడా తప్పితే పిల్లను అదే క్లాసులో ఉంచేస్తామని హెడ్‌మిస్ట్రెస్ మొహం మీదే చెప్పేసింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి తల్లికి ముద్ద దిగడం లేదు.

పుస్తకంలో లెక్కలు దాని బుర్రకెక్కడం లేదు. చేత్తో పట్టుకుని చూస్తే ఎక్కుతుందేమోనని ఇవాళ ఆస్పత్రి నుంచి ఖాళీ మందు సీసా ఒకటి తెచ్చింది. పిల్లల వార్డులో తను రోజూ చేసే లెక్కే ఇచ్చింది. బిడ్డ బరువు ఆరు కిలోలు. కిలోకి అయిదు మిల్లీగ్రాముల మందు. ఒక మిల్లీలీటరులో ఎంత మందు ఉంటుందో సీసా మీద చూసి రాసుకోవాలి. ఇంజెక్షన్‌కి ఎన్ని మిల్లీలీటర్లు తీయాలి? సైన్సుకు సైన్సు, లెక్కకు లెక్క.

"నెమ్మదిగా చెయ్యి. ఆరైదులు?"

"ముప్ఫై."

"హమ్మయ్య, అదైనా వచ్చింది. దాన్ని సీసా మీది అంకెతో భాగించు."

పిల్ల నాలుక కొస బయటపెట్టి భాగించింది. రబ్బరుతో తుడిచి మళ్ళీ భాగించింది. తల్లి అటు చూడకుండా రేపటి యూనిఫాం ముడతలు సాపు చేస్తూనే ఉంది.

"సున్నా పాయింటు మూడే వస్తోందమ్మా."

"నీ మొహం! పద్నాలుగేళ్ళుగా చేస్తున్నాను ఈ లెక్క. ఎంత తీయాలో వార్డు వార్డంతా నన్నే అడుగుతుంది. ఆరు కిలోల బిడ్డకు మూడు. నిద్రలో లేపి అడిగినా మూడే చెబుతాను. నా కడుపున పుట్టి నీకీ బుర్ర ఏమిటే?"

నోటుబుక్కు లాక్కుని చూసింది. ఒళ్ళు మండిపోయింది.

"ఈ వంద ఎక్కణ్ణించి ఊడిపడింది? అక్కడున్నది పది! కళ్ళు ఎక్కడ పెట్టుకుని చూశావ్?"

పిల్ల చెంప ఛెళ్ళుమంది.

పిల్ల ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా అయిపోయింది దానికి. "సీసా మీద అలాగే ఉందమ్మా" అని సీసా తీసి తల్లి చేతిలో పెట్టింది.

చూడ్డానికి ఎప్పటి సీసాయే. అదే నీలం మూత, అదే తెల్ల కాగితం. మొదటి ఏడాది తర్వాత ఆ కాగితం చదవాల్సిన అవసరమే ఆమెకు రాలేదు. ఇప్పుడు చదివింది. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో మరోసారి చదివింది. ఒక మిల్లీలీటరుకి వంద మిల్లీగ్రాములు. మునుపటి మందు కంటే పది రెట్లు ఎక్కువ.

"నాదే రైటా అమ్మా?"

"నీదే రైటు తల్లీ."

అయిదు వేళ్ళూ తేలిన ఆ చెంప మీదే నవ్వు విచ్చుకుంది. పుట్టి బుద్ధెరిగాక లెక్కల్లో అమ్మ చేత రైటు అనిపించుకోవడం ఇదే మొదలు. పెన్సిలుతో తనే ఒక పెద్ద టిక్కు కొట్టుకుంది. "మరి నువ్వు చెప్పినట్టు మూడు తీస్తే ఏమవుతుందమ్మా?"

తల్లి ఫోను అందుకుంది. రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. మూడోసారికి వార్డులో ఉన్న చిన్న నర్సు ఎత్తింది.

"నాలుగో మంచం బిడ్డ... ఫిట్స్ వచ్చిన బిడ్డ... ఆరు కిలోలది... ఎలా ఉంది?"

"బంగారంలా ఉందక్కా! పొద్దున మీరు ఇంజెక్షన్ చేశాక మళ్ళీ ఫిట్స్ రాలేదు, ఏడుపూ లేదు. అప్పట్నుంచీ ఒకటే నిద్ర. వాళ్ళమ్మ మీకు వెయ్యి దండాలు పెడుతోంది."

"డాక్టర్ని పిలువు! వెంటనే పిలువు! సాయంత్రం ఇంజెక్షన్ చెయ్యకు!"



"ఇప్పుడే చేసేశాను కదక్కా... షీటులో మీరు రాసినట్టే, మూడూ."