మళ్ళీ మొదటిసారి

"సౌండ్ పోయింది సార్," అంటూ హెడ్‌ఫోన్ తీసేశాడు సౌండ్ రికార్డిస్టు.

గదిలో అందరూ అప్పుడే కళ్ళు తుడుచుకుంటున్నారు. పుట్టి ఆరేళ్ళయినా ఏ చప్పుడూ ఎరగని పిల్ల. చెవికి మిషన్ పెట్టగానే తల్లి గొంతు విని, నోరు తెరిచి, కళ్ళు ఇంతింత చేసి, భోరుమని ఏడ్చి తల్లిని వాటేసుకుంది. కెమెరా అంతా పట్టుకుంది. మైకులో మాత్రం చెవి మిషన్ వేసిన ఈల తప్ప ఇంకేమీ పడలేదు.

"పోతే పోయింది, ఏదైనా మ్యూజిక్ కలిపి లాగించేయలేరా?" అన్నాడు చెవి మిషన్ల కంపెనీ మేనేజరు.

"మ్యూజిక్‌దేముంది సార్, ఎంతైనా కలపొచ్చు. అమ్మ పిలుపే లేకపోతే ఇక కథెక్కడ?" అన్నాడు డైరెక్టర్. "ముందు నిశ్శబ్దం. తర్వాత ఆ పిలుపు. చూసేవాడు మనకి చిక్కేది అక్కడే. మళ్ళీ తీద్దాం."

"మళ్ళీ అంటే?" తల్లికి అర్థం కాలేదు. "ఇందాక వినేసింది కదండీ."

"విననట్టు చేయమని చెప్పమ్మా."

ఈ ప్రకటన సినిమా బాగా వస్తే మిషన్ పిల్లకి ఊరికే ఇస్తామన్నది కంపెనీ వాళ్ళ మాట. ఊరికే వచ్చేదాని ధర ముందు చెప్పరు. తల్లి పిల్లని కుర్చీలో సర్ది కూర్చోబెట్టింది. రికార్డిస్టు మిషన్‌ని చెవిలో గట్టిగా అమర్చి ఈల ఆపాడు.

"చిన్నీ!" తల్లి పిలిచింది.

పిల్ల అటు చూడనే లేదు. ఏసీ గుర్రుమంటోందని దానికి మహా సంబరంగా ఉంది. ఇంకోసారి పిలిస్తే కుర్చీని కిర్రు కిర్రుమనిపించి తనలో తనే మురిసిపోయింది. ఆ తర్వాత ఆకలికి డైరెక్టర్ కడుపు గుడగుడలాడితే, వేలెత్తి చూపించి పకపకా నవ్వింది. మేకప్ ఆవిడ నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పోయింది.

"నవ్వు కాదమ్మా మాక్కావలసింది!" డైరెక్టర్ తల పట్టుకున్నాడు. "ఇందాకటి మొహం ఏదీ?"

"కన్నీళ్ళేమన్నా కుళాయిలో నీళ్ళా సార్, తిప్పగానే రావడానికి?" అంది తల్లి.

మేనేజరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, బయట ఇంకో పిల్ల కూర్చునుంది. వాళ్ళమ్మ పొద్దుటి నుంచీ నా ప్రాణం తీస్తోంది. నేను ఇవ్వగలిగింది ఒక్క మిషనే. చూసేవాళ్ళని ఎవరు ఏడిపిస్తే వాళ్ళది. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

తల్లి తలుపు వైపు చూసింది. పిల్ల అప్పుడే చెప్పు ఊడదీసి నేలకేసి కొట్టింది. ఆ చప్పుడు విని, మళ్ళీ కొట్టి, నువ్వూ విన్నావా అన్నట్టు తల్లి మొహంలోకి చూసింది. తల్లి ఆ చెప్పు లాక్కుని పక్కన పడేసింది. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఏదో చెప్పింది. వాళ్ళిద్దరికే తెలిసిన సైగలు. మిషన్ చూపించింది. తలుపు చూపించింది. రెండు చెవులూ మూసి చూపించింది.

పిల్ల మొహం పాలిపోయింది.

"కెమెరా! సౌండ్!" అని అరిచాడు డైరెక్టర్.

"చిన్నీ!"

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. పెదవి వణికింది. చెవిలోని మిషన్‌ని రెండు చేతులతో అదుముకుని గుండె పగిలేలా ఏడ్చింది. "చిన్నీ... నా చిన్నీ..." అంటూ తల్లి దాన్ని దగ్గరికి లాక్కుంది.

రికార్డిస్టు బొటనవేలు ఎత్తాడు. పిలుపు, ఏడుపు, ఆ రెండింటి మధ్య పిల్ల ఎగబీల్చిన ఊపిరి, అన్నీ శుభ్రంగా పడ్డాయి. సంతోషం పట్టలేక ఇంతగా ఏడ్చిన మనిషిని తన సర్వీసులోనే చూడలేదన్నాడు డైరెక్టర్.

మేనేజరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఏం చెప్పావమ్మా పిల్లకి?"

"ఏడవకపోతే మిషన్ ఆ తలుపులోంచి వెళ్ళిపోతుంది, ఇంక జన్మలో ఏమీ వినపడదు అన్నాను." ఆమె కొంగుతో పిల్ల బుగ్గలు తుడిచింది. "పాపిష్టి మాటే. పోన్లెండి, పనైపోయింది. ఇంక మేం వెళ్ళొచ్చా సార్? దీని నాన్నమ్మ కాచుకుని కూర్చుని ఉంటుంది, ఆవిడ గొంతు కూడా వినిపించాలి."

మేనేజరు డైరెక్టర్‌ని పక్కకి తీసుకెళ్ళాడు. ఇద్దరూ కాసేపు గుసగుసలాడుకున్నారు. సరుకు బాగుందని తేలాక తెలివైన బేరగాడు మెచ్చుకోడు, తన దగ్గరే ఉంచుకునే దారి చూస్తాడు. తిరిగొచ్చిన మేనేజరు పిల్ల ముందు వంగి, తల నిమిరి, చాలా జాగ్రత్తగా మిషన్ ఊడదీసి పెట్టెలో పెట్టాడు.

పిల్ల నోరు తెరిచింది. ఆ ఏడుపు గదిలో అందరికీ వినిపించింది, దానికి తప్ప.

"అదేంటి సార్! ఇస్తామన్నారుగా!"

"మాటంటే మాటేనమ్మా. ఈ మిషన్ మీదే, ఇంకెవరికీ ఇవ్వం. బయటి పిల్లని కూడా పంపించేస్తున్నాం. కాకపోతే అసలు పెద్ద సినిమా వచ్చే ఏడాది తీస్తాం, అందులోనూ మీ అమ్మాయే." మేనేజరు పెట్టె మూత బిగించి చంకన పెట్టుకున్నాడు. "చూశావుగా, చెవికి అలవాటైపోతే ఆ మొహం రాదు. అందాకా పిల్లకి ఏ చప్పుడూ వినపడకుండా చూసుకునే పూచీ నీది."