ఆపిల్ గాలి

అన్నయ్య వచ్చి కొట్టు ముందు నిలబడేసరికి తమ్ముడి చేతిలోని ఆపిల్ జారి పెట్టెలో పడింది.

రెండేళ్ల తర్వాత రావడం మరి. ఇద్దరివీ పక్కపక్క కొట్లే. అన్నయ్యది అరటిపళ్లు, తమ్ముడిది ఆపిల్. రేకు మీది వాన నీళ్లు ఎవరి గుమ్మంలో కారాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, చివరికి మాటలే లేకుండా పోయాయి. అప్పట్నుంచి అటు కబురు ఇటు, ఇటు కబురు అటు మోసే పని వదినది.

అన్నయ్య ఆపిల్స్‌కేసి చూస్తూ మాట్లాడాడు. గురువారం ఏదో స్కూల్లో ఆటల పోటీలట. పాతిక గెలల ఆర్డరట. ఇవాళ సోమవారం, కొట్టు వెనక గదిలో చూస్తే ఒక్క కాయా రంగు తిరగలేదట.

“నాలుగు పెట్టెల ఆపిల్ అందులో పెడితే...” అని ఆగాడు.

తమ్ముడికి ఆ కిటుకు తెలుసు. ఆపిల్ ఇథిలీన్ అనే గాలి వదులుతుంది. అది సోకితే పచ్చికాయ ఇక ఆగదు. కాసేపు బెట్టు చేద్దామనే అనుకున్నాడు. అన్నయ్య గడ్డం ఎప్పుడు నెరిసిందో, అది చూశాక లేచాడు. నాలుగడిగితే ఆరు పెట్టెలు మోసుకెళ్లాడు.

గాలి బయటికి పోకుండా తలుపు సందుల్లో ఇద్దరూ గోనెసంచులు కుక్కారు. పూటకోసారి తలుపు ఓరగా తీసి చూశారు. మంగళవారం ఏమీ లేదు. బుధవారం పొద్దున ఒక గెల మీద పసుపు తొంగిచూసింది.

“పసుపు కొత్తగా పుట్టదట్రా. మొదట్నుంచీ తోలులోనే ఉంటుందట. పైనున్న ఆకుపచ్చ విరిగిపోతే బయటపడుతుందట. మా అమ్మాయి పుస్తకంలో ఉంది” అన్నాడు అన్నయ్య.

ఆ ‘రా’ ఇద్దరికీ వినబడింది. ఇద్దరూ విననట్టే గోనెసంచులు మళ్లీ కుక్కారు.

గురువారం తలుపు తీస్తే గదంతా పసుపు. కమ్మటి వాసన. ఖాళీ పెట్టెలు బోర్లించుకుని కూర్చుని చెరో పండు ఒలిచారు. వాన నీళ్ల గొడవ కదిలేసరికి నవ్వాపుకోలేక అన్నయ్యకు పొలమారింది. తమ్ముడు నెత్తిన తట్టాడు.

తొమ్మిదైంది. పదైంది. స్కూలు బండి జాడ లేదు. ఇంకో రోజు పోతే తోలు మీద మచ్చలొస్తాయని తమ్ముడికి కాలు నిలవడం లేదు. అన్నయ్యేమో నిమ్మకు నీరెత్తినట్టు మూడో పండు ఒలుస్తున్నాడు.

ఇక లాభం లేదని, మంచినీళ్లు తెచ్చిన వదినను గుమ్మం దగ్గరే ఆపాడు. ఏ స్కూలో చెబితే తనే బండి కట్టించుకుని దింపేసి వస్తానన్నాడు.

“స్కూలేంటయ్యా, మార్కెట్లో పండినవి ఎన్నున్నా వద్దని, ఏరి ఏరి పచ్చి గెలలే దింపించుకున్నారు మీ అన్నయ్య” అంది వదిన.