ప్రాగ్ నుంచి తెచ్చిన వేలు

ప్రాగ్‌లో మెడిసిన్ చదివే మా తబస్సుమక్క సెలవులకు షార్జాలో మా ఇంటికి వచ్చింది. ప్రాగ్‌లో తానుండే పాత ఇంటి నేలమాళిగలో దొరికిందంటూ ఒక వేలి ఎముక తెచ్చి అందరికీ చూపించింది. తర్వాత నా డైరీ లాక్కుని చుట్టాల ముందు గట్టిగా చదివింది.

“మన ఊరిబడిలో చదివొచ్చిన పిల్లకి నోట్లో నాలుక లేదు గానీ, రాతలు చూడండి!”

అమ్మ కూడా నవ్వింది.

అందరూ పడుకున్నాక ఎవరో తలుపు తట్టారు. గొలుసు తీయకుండానే కాస్త తెరిచాను. మనిషి కదిలితే వెలిగే వరండా లైటు వెలగలేదు. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి తలుపు అంచు పట్టుకుంది. దానికి నాలుగే వేళ్లు.

“నాది ఎవరు తీశారమ్మా?” అని ఒక ఆడగొంతు మెల్లగా అడిగింది.

గొలుసు తీశాను.

“ఎడమచేతి గది,” అన్నాను. “అక్క గడియ వేసుకోదు.”