గోలు ముందరి గడ్డి

"మీ కాళ్లిరగ, గడ్డిని బతకనియ్యరారా?"

సౌదీలోని హుఫూఫ్‌లో ఓ కాలేజీ ఫుట్‌బాల్ మైదానం చూసే లింబాద్రి తొమ్మిదేళ్లు ఇలాగే తిట్టాడు. గోలు ముందు ఎన్నిసార్లు గడ్డి నాటినా కుర్రాళ్లు తొక్కి మట్టి చేసేవాళ్లు. తెలుగు రాని ఆ అరబ్బు పిల్లలు తిట్టు విని పడీ పడీ నవ్వేవాళ్లు.

ఈ ఏడు ఒక పెద్ద క్లబ్బు ఆ కాలేజీ జట్టును కొనేసింది. బాగా ఆడే నలుగురిని రియాద్ తీసుకుపోయి, మిగతావాళ్లను పొమ్మంది. మైదానాన్ని మాత్రం ప్రకటనల్లో ఫొటోల కోసం ఉంచుకుంది.

సూపర్‌వైజర్ ఖాజావలి కడప మనిషి. ఓ సాయంత్రం గోలు దగ్గర వంగి చూశాడు.

"ఏం మందేసినావప్పా? యాడా మన్ను కనపడ్లేదే."

"మందేం లేదు భాయ్. తొక్కేటోళ్లు లేరు."

"మంచిదే కదా. ఇట్లే ఉంచు, ఈడుండేదానికి నీ ఇకామా ఇంకో ఏడాది పొడిగిస్తారు."

ఆయన వెళ్లాక లింబాద్రి నీళ్ల పైపు కట్టేశాడు. గోలు మధ్యలో నిలబడి, రాని బంతికి అడ్డంగా అటూ ఇటూ దూకాడు. మడమల కింద గడ్డి లేచిపోయి మట్టి బయటపడేదాకా ఆగలేదు.

"నీ కాళ్లిరగ, గడ్డిని బతకనియ్యవారా?" అని తనను తానే గట్టిగా తిట్టుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు.