ఏ నూనెతో వేసినావు?

“అమ్మా, ఈ గారెలు ఏ నూనెతో వేసినావు?”

పలాస స్టేషను ఎదుట కాసులమ్మ టిఫిను హోటల్లో ఆ మాట అడిగిన మనిషిని అంతకుముందు ఎవరూ చూడలేదు. మాసిన పంచె, వాచిన పాదాలు, చంకలో గుడ్డసంచి.

తింటున్నవాళ్ల చేతులు ఆగాయి. వండి పెట్టిన మనిషిని ‘ఏం వేశావు’ అని అడిగితే, ‘మందు పెట్టావా’ అన్నట్టే ఆ వైపు.

“నాను మందెట్టినానంటావేటి?” కాసులమ్మ గరిటె ఎత్తింది. “నువ్వుల నూనె! పదేళ్లబట్టీ అదే!”

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె చూపు వంటింటి మూలకు పోయింది. అక్కడ గోనెపట్టా కింద తామరపువ్వు గుర్తున్న ఆవనూనె డబ్బా ఉంది. అది పందొమ్మిది వందల అరవై ఏడు, నూనెకు కటకట. చవగ్గా దొరికిందని సగానికి సగం కలుపుతోంది. ఇంట్లో కూరలకూ అదే.

“డబ్బా ఓపాలి సూపించమ్మా. నీ కాళ్లట్టుకుంటాను.”

“నా కొట్టు మూయించడానికి ఎవుడు తోలినాడ్రా నిన్ను? పో!”

ఎంగిలి గిన్నెలు కడిగిన నీళ్లు అతని మీద గుమ్మరించింది. అందరూ నవ్వారు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, “ఏ నూనో అడిగి తినండి బాబూ” అని వచ్చేపోయేవాళ్లను బతిమాలాడు.

నాలుగోరోజు స్టేషను కూలీలు మెడపట్టి గెంటారు. పాపం, పడ్డచోటు నుంచి లేవడానికి చాలాసేపు పట్టింది.

ఆ వారంలోనే కాసులమ్మ కూతురు నూకమ్మకు కాళ్లు పొంగాయి. అయిదో నెల.

“కడుపుతో ఉన్నోళ్లకి నీరట్టదేటి? మామూలే” అంది కాసులమ్మ.

రెండ్రోజులకు అల్లుడి కాళ్లూ పొంగాయి. అల్లుడు కడుపుతో లేడు కదా!

టెక్కలి ఆసుపత్రికి చేరేసరికి నూకమ్మకు ఊపిరి అందడం లేదు.

“ఇంట్లో ఏ నూనె వాడుతున్నారు?” డాక్టరు అడిగిన మొదటి మాట అదే.

“ఆవనూనె కలిపినాను బాబూ” అంది కాసులమ్మ.

“ఆవాల్లో బ్రహ్మదండి అనే ముళ్లమొక్క విషపు గింజలు కలిస్తే ఇంతేనమ్మా. గుండెకు పట్టేసింది. నాలుగు రోజుల ముందు మానేసినా బతికేది.”

కూతుర్ని మట్టిచేసి వచ్చి, కాసులమ్మ డబ్బా చంకనెత్తుకుని స్టేషనుకు పరుగెత్తింది. ఆ మనిషి కాళ్లమీద పడాలి.

“నిన్ననే పోయినాడమ్మా, ప్లాట్‌ఫారం మీద” అన్నాడు కూలీ రామూర్తి. “పెళ్లాం, ఇద్దరు పిల్లలు ఇలాగే కాళ్లు పొంగి పోయినారట. అప్పట్నుంచీ ఓటేలు ఓటేలుకీ ఏ నూనో అడుగుతా నడిసొచ్చినాడట. ఇదుగో, ఆయన సంచి.”

సంచిలో, నూనె గానుగవాళ్లు తమ డబ్బాల మీద తమ గుర్తు వేసుకునే రేకు అచ్చు ఒక్కటే ఉంది; కాసులమ్మ దాన్ని తన డబ్బా మీది తామరపువ్వుకు ఆనిస్తే, రేకకు రేక సరిపోయింది.