దాటి వెళ్లినవాడు

సార్జెంట్ కోల్బీ తలుపు కొట్టి, ఒకడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు.

పొద్దున ఊరి బడి మైదానంలో గవర్నరు అతని గుండెమీద పతకం గుచ్చాడు. బ్యాండు మోగింది. బాగ్దాద్ దగ్గర అతను కాపాడిన సైనికుడు ఒర్టెగా చంకకర్రలతో వచ్చి, అందరి ముందూ వాటేసుకుని ఏడ్చాడు. ముందు వరుసలో ఒక్క కుర్చీ మాత్రం ఖాళీగా ఉండిపోయింది. చనిపోయిన వెస్లీ తల్లి ఆర్లీన్ కోసం వేసిన కుర్చీ అది.

ఆవిడే తలుపు తీసింది. చేతులనిండా రొట్టెపిండి.

"లోపలికి రా."

"కూర్చోనమ్మా. ఒక మాట చెప్పి పోతాను."

"పక్కింటి ఎనిడ్ చెవులు ఎప్పుడూ కిటికీలోనే ఉంటాయి. లోపలికొచ్చి చెప్పు."

వంటింట్లో స్టవ్ మీద కాఫీ పెట్టి, మళ్లీ పిండి పిసకసాగింది. కోల్బీ పతకం తీసి బల్లమీద పెట్టాడు. ఆవిడ దానివంక చూడలేదు.

"రేడియోలో విన్నాను. తూటాల మధ్యకి పరిగెత్తావట. నాయకుడంటే నువ్వేనన్నాడు గవర్నరు."

"పరిగెత్తాను. అందులో అబద్ధం లేదు. బండి పేలాక రోడ్డుమీద ఇద్దరు పడున్నారు. ఇద్దరికీ ఊపిరుంది. మోయగలిగేది ఒక్కణ్ణే. వెస్ దగ్గర్లో ఉన్నాడు. ఒర్టెగా దూరంగా ఉన్నాడు. నేను... వెస్‌ని దాటుకుని వెళ్లానమ్మా."

పిండిలో చేతులు ఆగిపోయాయి.

"పిలిచాడా?"

"పిలిచాడు. చెయ్యి చాపాడు. ఒర్టెగాని గోడచాటున దింపి వచ్చేసరికి చెయ్యి అలాగే చాపి ఉంది. ప్రాణం లేదు."

కాఫీ పొంగింది. ఎవరూ కదల్లేదు.

"ఎందుకు దాటావు?"

"వాడంటే నాకు ప్రాణమని దళంలో అందరికీ తెలుసు. ముందు వాణ్ణి తెస్తే కుర్రాళ్లు ఏమనుకుంటారోనని. సార్జెంటు పక్షపాతి అంటారని. తూటాకి భయపడలేదు, మాట పడడానికి భయపడ్డాను. దానికి వీళ్లు పతకం ఇచ్చారు."

తిడుతుందని చూశాడు. తిడితే బావుండుననిపించింది. కొట్టినా బావుండును.

ఆర్లీన్ స్టవ్ ఆపింది. తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టు అంది:

"సైన్యంలో చేరనని వాడు మొండికేస్తే, 'తోడబుట్టిన అన్నే సార్జెంటుగా పక్కనుంటాడు, నీకేం భయంరా' అని సంతకం పెట్టించింది నేనే కదరా, కోల్బీ."