సైరన్ లేని జీపు

పెద్దపులిని ఉత్త చేతులతో తరిమిన బొజ్జయ్య నెత్తిన పట్టపగలు, ఊరందరి ముందు, కుండెడు పేడనీళ్లు పడ్డాయి. పోసింది పరాయిది కాదు, సొంత అక్క జంపక్క.

"ఏందిరా తమ్మీ, గిట్ల ఉత్తగ వచ్చినవ్? ఉడుతన్న దొరకలేదా?"

ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వారు. విత్తనం చల్లే ముందు భూమి పండుగకు మగవాళ్లు వేటకు వెళ్లడం, ఏమీ తేకుండా వచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోయడం ఆ అడవి ఊళ్లో ఏటా ఉన్నదే. ఎవరైనా ముఖం తుడుచుకొని నవ్వేస్తారు. బొజ్జయ్యకు మాత్రం నవ్వు రాలేదు. పులిని తరిమినవాడు కదా మరి! పెద్దపులి అన్నానా? అడవిపిల్లి లెండి. తరమడమూ కాదు. దాని పని మీద అది పోయింది, ఈయన భయపడి చెట్టెక్కాడు.

"మీ బావను చూసి నేర్చుకో. వాగు కాడ పంది అడుగులు దొరికినయని కబురంపిండు. పొద్దుగూకేలోపు మోసుకొస్తడు చూడు" అంది జంపక్క.

మూడేళ్లుగా ఇదే వరస. బావ దూలయ్య పందిని తేవడం, పేడ కంపు కొడుతూ కూర్చొని బొజ్జయ్య ఆ కూర తినడం. ఈసారి ఆ కూర తినే ఓపిక లేదు.

పామాయిల్ తోట వెనక గుట్ట ఎక్కితే గానీ ఆ ఊరికి సిగ్నల్ అందదు. బొజ్జయ్య తడి బట్టలతోనే ఎక్కాడు. ఆయన ఆలోచన చాలా తేలిక. పోలీసు జీపు ఒక్కటి కూత పెట్టుకుంటూ వాగు దాకా వస్తే చాలు, పంది కాదు కదా, కుందేలు కూడా ఆ చుట్టుపక్కల నిలవదు. బావ కూడా ఉత్త చేతులతోనే వస్తాడు. అంతే. వందకు ఫోన్ కొట్టాడు.

"చెప్పండి, ఏం ఎమర్జెన్సీ?" ఆడపిల్ల గొంతు.

"అమ్మా, మా వాగు కాడ అడవిల కొత్తోళ్లు తిరుగుతున్నరు."

"ఎంతమంది?"

"ఐదుగురు." చెప్పాక ఆయనకే చప్పగా అనిపించింది. "కాదు కాదు, పన్నెండు మంది."

"ఆయుధాలున్నాయా?"

ఆ మాట బొజ్జయ్యలాంటివాణ్ణి అడగకూడదు. "ఉన్నయా అంటవేంది బిడ్డా! భుజానికొకటి, చేతికొకటి. నాకు గురి గూడ పెట్టిండ్రు. నేను గాబట్టి తప్పించుకున్న!"

"మీరు అక్కడే ఉండండి. వచ్చినవాళ్లకు దారి చూపించాలి."

గంటలో వచ్చారు. ఒకటి కాదు, మూడు జీపులు. సైరన్ లేదు. ఇంజన్లు తోట మొదట్లోనే ఆపేసి, ఇరవై మంది తుపాకులతో ఆకు చప్పుడు కాకుండా దిగారు.

"సార్, సైరన్ మోగియ్యరా?"

ఎస్సై వింతగా చూశాడు. "మోగిస్తే పారిపోరా పెద్దాయనా? జల్దీ చెప్పు, ఏ దిక్కు?"

చెయ్యి చూపించాడు. వాళ్లు వరసగా అడవిలో కలిసిపోయారు. ఎస్సై మాత్రం వైర్‌లెస్ సెట్ పట్టుకొని గుట్ట కింద నిలబడ్డాడు.

అడవిలో ఉన్నది దూలయ్యతో కలిపి ఆరుగురు. ఐదు విల్లంబులు, ఒక నాటు తుపాకి. వేట నేరం కాబట్టి ఖాకీ బట్ట కనబడగానే ఫారెస్టువాళ్లనుకొని పొదల్లో నక్కుతారు. పిలిస్తే పలకరు. తుపాకి పట్టుకొని నక్కినవాణ్ణి ఈ వచ్చినవాళ్లు ఏం చేస్తారో బొజ్జయ్యకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"సార్, ఒకవేళ... గది తప్పుడు ఫోనైతే?"

"చేసినోణ్ణి లోపలేస్త. ఏం, తప్పుడుదా?"

"లేదు సార్, ఊరికె అడిగిన."

"ఊరికె అడగకు. అక్కడ ఎవడన్న చచ్చిండనుకో, రేపు నన్ను అడుగుతరు. ఫోనొచ్చింది, పోయినం అని చెప్త. నిన్నడిగితే నువ్వేం చెప్తవ్?"

ఫోన్ చేసిన, కాల్చలేదు అని చెప్పొచ్చు. బొజ్జయ్య ఆ జవాబును నోట్లోనే అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. సెట్‌లో గుసగుసగా మాట వినబడింది.

"సార్, పొదల కదులుతున్నరు. ఒకని చేతిల తుపాకి ఉంది. మా దిక్కే తిరిగింది. కాల్చమంటరా?"

బొజ్జయ్య దబ్బున ఎస్సై కాళ్ల మీద పడ్డాడు. "ఆపున్రి సార్! అబద్ధం చెప్పిన. వాళ్లు మావోళ్లే, వేటకు పోయిండ్రు. ఆ తుపాకి మా బావది!"

"ఎవ్వరూ కాల్చొద్దు! వెనక్కి రండి!" ఎస్సై సెట్‌లో గొంతు చించుకొని అరిచాడు. ఆ తర్వాత బొజ్జయ్య చెంప పగలగొట్టాడు. "ఇంకొక్క నిమిషం నోరు మూసుకొని ఉంటే నీ బావ శవం లేస్తుండెరా!"

కాసేపటికి దూలయ్య పొదల ముళ్లు గీసుకున్న ఒంటితో నడిచొచ్చాడు. సంగతంతా విన్నాడు. పక్కన కూలబడ్డాడు. "పంది పోతే పోయిందిలే బామ్మర్దీ, ఒక బీడీ ఇయ్యి" అన్నాడు.

ఇదీ జరిగిన సంగతి. చివరి ముక్క మాత్రం నేను కల్పించాను.

ఆ రోజు నేను ఎస్సై కాళ్ల మీద పడలేదు. ఆ ఒక్క నిమిషం నోరు మూసుకొనే ఉన్నాను.